టెక్ సందేహాలు: ఆ 0.2 ఓం అతుకుది కాదు

ప్రశ్న: ప్రాజెక్టు కోసం 4 మి.మీ. హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ (ద్రవ నైట్రోజన్ చలిలో రెసిస్టెన్స్ లేకుండా కరెంటు మోసేది) టేపు ముక్కలు రెండింటిని టంకంతో అతికించాం. ద్రవ నైట్రోజన్‌లో ముంచినా మల్టీమీటర్ 0.2 ఓం చూపిస్తోంది. టేపు నకిలీదా? మా సెటప్ ఫొటో పంపుతున్నాం.
— బీటెక్ విద్యార్థులు, ఘట్‌కేసర్

జవాబు: ముందు మల్టీమీటర్ ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడండి. అటూ ఇటూగా అంతే వస్తుంది. అంటే అది మీటరు వైర్లదే. ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఇదే ఫిర్యాదు. అతుకు కుదిరితే ఉండాల్సింది 50 నానో ఓంల లోపు (నానో అంటే వంద కోట్లవ వంతు). మీ మీటరు చూపేది దానికి 40 లక్షల రెట్లు. కరెంటుకు రెండు వైర్లు, అతుక్కి అటూ ఇటూ వోల్టేజీకి వేరే రెండు వైర్లు పెట్టండి. 50 ఆంపియర్ల దగ్గర వచ్చేది మహా అయితే 2.5 మైక్రో వోల్టులే కాబట్టి నానో వోల్ట్‌మీటర్ తప్పదు. 10 నుంచి 50 దాకా పెంచుతూ, దిశ మార్చి మళ్లీ కొలిచి, గ్రాఫ్ వాలు చూడండి; అదే అతుకు రెసిస్టెన్స్. వైర్ల జాయింట్ల దగ్గర వేడి తేడాకు పుట్టే దొంగ వోల్టేజీ అప్పుడే పోతుంది.

టేపులో కరెంటు మోసే పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు, అదీ ఒక పక్కకే. రెండో పక్కన హాస్టెల్లాయ్ (నికెల్ మిశ్రలోహం) రేకు అడ్డం. పొర ఉన్న ముఖాలు ఎదురెదురుగా లేకపోతే రెసిస్టెన్స్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండు వైపులా ఒకే రాగి పూత పూసి, ఏది ముఖమో ఒక గీతైనా గీయకుండా అమ్మేవాళ్లను ఏమనాలి? అమ్మినవాళ్లను అడిగి, రీలు నుంచి కత్తిరించేటప్పుడే మార్కర్ పెట్టుకోండి.

కోఠీలో దొరికే లెడ్ ఫ్రీ టంకం 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకని టంకం వేసే ఐరన్ 350కి పెడతారు. పొరలోని ఆక్సిజన్ పోయి టేపు సత్తా తగ్గుతుంది. 63/37 తగరం సీసం 183కే కరుగుతుంది. 5 సెం.మీ. మేర ఒకదాని మీద ఒకటి పరిచి, అల్యూమినియం పట్టీల మధ్య బిగించి, 200 దాటకుండా వేడి చేయండి. చల్లారేదాకా బిగింపు వదలొద్దు. మధ్యలో కదిలితే టంకంలో బుడగలు మిగులుతాయి.

అతుకు సంగతి సరే, ఫొటోలో నన్ను భయపెట్టింది పవర్ సప్లై. దాని లాన్ కేబుల్ కాలేజీ వైఫై రూటర్‌లో ఉంది! ఇలాంటి ల్యాబ్ పరికరాల్లో చాలావాటికి నెట్‌వర్క్ నుంచి ఆదేశాలు తీసుకునే 5025 పోర్టు దగ్గర పాస్‌వర్డ్ అనేదే ఉండదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఒక్క లైను పంపితే 50 ఆంపియర్లు కాస్తా సప్లై ఇవ్వగలిగినంతకు చేరతాయి. టేపు మాడిపోవడానికి క్షణాలు చాలు. మీరు పెట్టిన లిమిట్‌నూ అదే దారిలో మార్చేయొచ్చు. బల్బు కూడా పాస్‌వర్డ్ అడిగే రోజుల్లో వందల ఆంపియర్ల యంత్రానికి తాళం లేకపోవడం నిర్లక్ష్యం కాక మరేమిటి? ఆ కేబుల్ ఇవాళే పీకేసి, యూఎస్‌బీతో నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి. మెనూలో లాన్ ఆఫ్ చేయండి.