ఊరి ప్రయాణం వృథా ఖర్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, ప్రగతినగర్‌లో సొంత ఫ్లాట్. నాకు 38, మావారికి 42. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1,18,000 వస్తాయి. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు ఎనిమిదో తరగతి, ఒకరు నాలుగు. మా కారు కొని తొమ్మిదేళ్లయింది, మావారు పెద్ద కారు తీసుకుందామంటున్నారు, అన్నీ కలిపి 15 లక్షలు. మా అమ్మ పోస్టాఫీసులో వేసుకున్న 6 లక్షల్లోంచి 4 లక్షలు అడిగి, మిగతా 11 లక్షలకు లోన్ పెట్టాలని ఆయన ఆలోచన. ఖర్చు తగ్గించడానికి ఏడాదికి నాలుగుసార్లు అమ్మ దగ్గరికి వెళ్లేది ఒక్కసారికి తగ్గించాలని, పెద్దపాప వయొలిన్ క్లాసు మాన్పించాలని అంటున్నారు. అవి వృథా ఖర్చులట. నాకు మనసొప్పడం లేదు, కానీ లెక్క చెప్పమంటే చెప్పలేకపోతున్నాను. ఏది వృథా, ఏది కాదో మీరే చెప్పండి.

జవాబు: లెక్క చెప్పలేకపోతున్నానన్నారు కదా, ముందు లెక్కే చూద్దాం. మనసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో లెక్క కూడా మీ మనసు వైపే ఉంది.

11 లక్షలు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 17,700 కట్టాలి. ఏడేళ్లలో వడ్డీయే 3 లక్షల 87 వేల దాకా అవుతుంది. మీవారు తగ్గిద్దామన్నవి ఎంత? ఊరికి ఒక్కో ప్రయాణానికి 9 వేలని రాశారు, మూడు ప్రయాణాలు మానేస్తే ఏడాదికి 27 వేలు, అంటే నెలకు 2,250. వయొలిన్ ఫీజు 2,500. రెండూ కలిపి 4,750. మరి మిగతా 13 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? అమ్మను చూడటం తగ్గించి, పిల్ల వాయిద్యం మూల పెట్టించినా కారు వాయిదాలో మూడో వంతు కూడా రాదు. పెద్ద కారుకు పెద్ద ఇన్సూరెన్స్ ప్రీమియం, ఎక్కువ పెట్రోలు అదనం.

మీరు పంపిన వివరాల ప్రకారం ఇంటి లోన్ 36,500, పిల్లల ఫీజులు నెలకు సర్దితే 20 వేలు, కిరాణా, పాలు, కూరగాయలు 17 వేలు, మెయింటెనెన్స్, కరెంటు, ఫోన్లు 8,500, పెట్రోలు 6 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 5 వేలు, రెండు పాత బీమా పాలసీలకు 3,500. మొత్తం 96,500. మిగిలేది 21,500. ఊరి ప్రయాణాలకు నెలకు 3 వేలు, వయొలిన్‌కు 2,500 తీసేస్తే ఇంకా 16 వేలు ఉండాలి. కానీ నెలాఖరుకు ఏమీ మిగలడం లేదని మీరే రాశారు. అందుకే మీకు మళ్లీ రాసి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పంపమన్నాను.

నిన్న రాత్రి పెన్సిల్ పట్టుకుని దాన్ని వరుసగా చదివాను. మీ దగ్గరని కాదు, ఎవరి స్టేట్‌మెంట్ చదివినా నాకు వాళ్ల ఇల్లు కనిపిస్తుంది. రాత్రి 9:40కి 118 రూపాయలు, పది నిమిషాల్లో తెచ్చే యాప్‌కి, పెరుగు ప్యాకెట్టో చిప్సో అయ్యుంటుంది. మర్నాడు మళ్లీ 340, శుక్రవారం 720. తిండి ఆర్డర్లు, ఇలాంటి సరుకుల ఆర్డర్లు కలిపి మూడు నెలల్లో 74. నెలకు సగటున 9,400 రూపాయలు. ఆన్‌లైన్ సేల్‌లో కొన్నవి నెలకు 4 వేలకు పైనే. సినిమా యాప్‌లు, ఏవేవో నెలసరి చందాలు మరో 1,600. మిగతా వెయ్యి చిల్లరమల్లర. ఇదిగో ఆ 16 వేలు.

ఆ 74లో మీకు గుర్తున్నవి ఎన్నని అడిగాను. మూడని రాశారు. చిన్నపాప పుట్టినరోజు, మీకు జ్వరమొచ్చి వంట చేయలేకపోయిన రోజు, మీ చిన్ననాటి స్నేహితురాలు చెప్పాపెట్టకుండా వచ్చిన ఆదివారం. మిగతా 71 గుర్తులేవు. అదే ఊరి ప్రయాణం గురించి అడిగితే పేజీన్నర రాశారు. తెల్లవారుజామున రాజమండ్రిలో దిగడం, రావులపాలెం మీదుగా బస్సు, అంబాజీపేట దాటాక మట్టిరోడ్డు మొదట్లోనే అమ్మ నిలబడి ఉండటం, పిల్లలు అమ్మమ్మ పక్కన కూర్చుని పనసాకులు నాలుగేసి కలిపి పుల్లలతో బుట్టలు కుట్టడం, చిన్నది కుట్టిన బుట్ట ఊడిపోయి పిండి కారిపోతే, ఆ ఒక్క పొట్టిక్క, అదే పనసాకు ఇడ్లీ, తనకే కావాలని అమ్మ పట్టుబట్టి తినడం. పోయిన దసరా సంగతి ఇది. ఇన్ని నెలలైనా ఇంత వివరంగా చెప్పగలుగుతున్నారు. ఏది వృథానో ఏది కాదో చెప్పమని నన్నడిగారు గానీ, జవాబు మీరే రాసి పంపారు, చూసుకోలేదంతే.

మనకు ఏది ముఖ్యమో అడిగితే అందరం కుటుంబం, ఆరోగ్యం, పిల్లల చదువు అని చెప్తాం. అబద్ధమేమీ కాదు. కానీ డబ్బు దానికి తగ్గట్టు వెళ్లదు, చేతికి అందుబాటులో ఉన్నదాని వైపు వెళ్తుంది. ఫోన్‌లో ఒక్కసారి వేలు పెడితే అయిపోయే ఖర్చుకు ఎవరినీ అడగక్కర్లేదు, అందుకే దాని మీద చర్చే రాదు. ఊరికి వెళ్లాలంటే టికెట్లు, సెలవులు, బట్టలు సర్దుకోవడం, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం, ఇంత ఉంటుంది కాబట్టి ఖర్చు తగ్గించాలనగానే ముందు కంటికి కనిపించేది అదే. ఇలా పెద్దగా కనిపించే మంచి ఖర్చు కోతకు గురై, కనిపించని ఖర్చు అలాగే సాగడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మా నాన్న తెనాలిలో హైస్కూలు టీచరు. పొడుగాటి పద్దు పుస్తకంలో ప్రతి పైసా రాసేవారు. అక్క పెళ్లి చేసిన ఏడాది పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ ఏడు మొదట పేపరు మానేశారు, తర్వాత సిగరెట్లు, చొక్కాలు కుట్టించుకోవడం కూడా. కానీ ప్రతి ఆదివారం ఒక పద్దు మాత్రం ఏడాది పొడుగునా ఉంది, 'హిందీ మాస్టారితో టీ, 50 పైసలు'. రెండు టీలు, ఇద్దరు స్నేహితులు, గంటసేపు కబుర్లు. చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు, చొక్కా మానుకున్న మనిషి టీ ఎందుకు మానలేదా అని. ఆయన పొదుపులో పద్ధతి ఉంది. తగ్గించినా తేడా తెలియనిది ముందు తగ్గించారు, లేకపోతే ఆయన ఆయనగా ఉండలేనిదాన్ని ముట్టుకోలేదు.

ఇక మీ అమ్మగారి డబ్బు. దీని గురించి గట్టిగా చెప్తున్నాను, ఏమనుకోవద్దు. ఆ 6 లక్షలు ఆమె సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతానికి వేసుకున్నారు, ఖాతా తెరిచి రెండేళ్లు దాటింది. మూడు నెలలకోసారి 12,300 వస్తోంది, అంటే నెలకు 4,100. ఆమెకు వేరే రాబడి లేదని, బీపీ, షుగర్ మందులకే నెలకు 1,800 అవుతోందని మీరే రాశారు. 4 లక్షలు తీసుకుంటే మిగిలిన 2 లక్షల మీద, అదే వడ్డీ దొరికినా, నెలకు వచ్చేది 1,370లోపే. మందులకే చాలదు. పైగా ఆ ఖాతాలోంచి కొంత తీసి కొంత ఉంచడం కుదరదు, మొత్తం మూయాలి, రెండేళ్లు దాటాక మూస్తే ఒక శాతం కోత, అంటే 6 వేలు. అడిగితే ఆవిడ కాదనరు. కాదనరు కాబట్టే అడగకూడదు. మందులు కొనుక్కోవడానికి కూతురి వైపు చూడాల్సిన స్థితి ఆమెకు తెచ్చే కారులో మీరు ఆ ఊరికి ఎలా వెళ్తారు?

మీవారిని తప్పుపట్టడం లేదు, అది స్పష్టంగా చెప్పాలి. మీ మామగారు సైకిలు మీదే జీవితమంతా తిరిగారని, మీవారికి చిన్నప్పటి నుంచి కారంటే ప్రాణమని రాశారు. అది చిన్న కోరిక కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అందరి కార్ల పక్కన మనది చిన్నగా కనిపిస్తోందన్నది ఒక కోరిక, మా నాన్నకు లేనిది నా పిల్లలకు ఇవ్వాలన్నది ఇంకో కోరిక. రెండూ ఒకే కారులా కనిపిస్తాయి. అందులో ఏది ఎంతుందో ఆయనకే తెలియాలి, మీరు కోపంగా కాకుండా నిజంగా తెలుసుకోవాలని అడిగితే చెప్తారు. మొదటిదైతే రెండేళ్లలో సెల్లార్‌లోకి ఇంకో పెద్ద కారు వస్తుంది, కథ మళ్లీ మొదలు. రెండోదైతే తప్పకుండా కొనండి, కానీ కాస్త ఆగి.

ఆ ఆగే కాలంలో ఏం చేయాలో చెప్తాను. ఆ 16 వేలలో 10 వేలు తేలిగ్గా మిగులుతాయి. అన్నీ మానేయమనడం లేదు, జ్వరం రోజు ఆర్డర్ పెట్టుకోండి, స్నేహితురాలు వచ్చిన రోజు పెట్టుకోండి. ఫోన్‌లోంచి ఆ యాప్‌లలో దాచిపెట్టిన కార్డు వివరాలు తీసేయండి, ప్రతిసారీ కొత్తగా కొట్టాల్సి వస్తే సగం ఆర్డర్లు వాటంతటవే పోతాయి, నాకు మా ఇంట్లోనే అనుభవం. మిగిలిన 10 వేలు జీతం పడిన మర్నాడే పక్కకు వెళ్లిపోవాలి.

అందులో మొదటి వాటా టర్మ్ ఇన్సూరెన్స్‌కి, అంటే పాలసీ కాలంలో మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమాకి. కుటుంబమే ముఖ్యం అనుకునే ఇంట్లో ఇది లేకపోవడం నాకు బాధనిపించింది. మీ రెండు పాత పాలసీలకు ఏడాదికి 42 వేలు కడుతున్నారు, రెండూ కలిపి బీమా 8 లక్షలే. ఇంటి లోన్ ఇంకా 32 లక్షలు ఉంది, అందులో నాలుగో వంతుకు సరిపోతుంది, పిల్లల చదువు సంగతి సరే సరి. మీవారి పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకోండి, ప్రీమియం ఆరోగ్యాన్ని బట్టి, ఎన్నేళ్లకన్నదాన్ని బట్టి మారుతుంది, నెలకు 2,500 పక్కన పెట్టుకుంటే సాధారణంగా సరిపోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, అంతకుముందు టర్మ్ ప్రీమియం మీద 18 శాతం ఉండేది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు అప్పులవాళ్ల చేతికి వెళ్లదు, మీకూ పిల్లలకే వస్తుంది. ఫారం నింపేటప్పుడే అడగాలి, తర్వాత కుదరదు. పాత పాలసీలను మాత్రం తొందరపడి సరెండర్ చేయొద్దు, పెయిడప్‌గా మార్చితే, అంటే ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన బీమాతో కొనసాగిస్తే, ఎంత వస్తుందో బ్రాంచిలో రాతపూర్వకంగా తీసుకుని నాకు పంపండి.

మిగతా 7,500 రికరింగ్ డిపాజిట్‌లోకి. మీ పొదుపు ఖాతాలో 60 వేలే ఉన్నాయి, మీ ఇంటి ఖర్చు నెలకు 96 వేలు. ఒక జీతం ఆగితే ఏం చేస్తారు? అందుకని మొదటి ఏడాది జమ అయ్యేది అత్యవసరానికే, దాన్ని ముట్టుకోవద్దు. రెండో ఏడాది నుంచి వేసేది కారుకి. దానికి పాత కారు అమ్మిన డబ్బు కలుపుకుని, 15 లక్షలది కాకుండా 9, 10 లక్షల్లో చూడండి, లోన్ నాలుగేళ్లకు మించకూడదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, మీది ఇంకా ఆరేళ్లు నడుస్తుంది, తొందరేమీ లేదు.

ఇంకో మాట. ఇంటి లోన్ 2018లో తీసుకున్నామన్నారు, వడ్డీ 9.2 దగ్గరే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25కి తగ్గించింది. 2019 అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారే) ఇంటి లోన్లను బ్యాంకులు రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలి, మీది అంతకుముందుది కాబట్టి పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉంటుంది. బ్యాంకుకి వెళ్లి రెపో పద్ధతికి మార్చమని అడగండి, కొంచెం ఫీజు తీసుకుంటారు. ఒక్క శాతం తగ్గినా 32 లక్షల మీద ఏడాదికి సుమారు 32 వేల వడ్డీ తగ్గుతుంది. ఊరి ప్రయాణాలకు మీకయ్యేది ఏడాదికి 36 వేలు. మీవారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించండి.

వయొలిన్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కరెంటు పోయినా చీకట్లో సాధన చేస్తుందని. దానికి నేను కలిపేదేమీ లేదు, వచ్చే నెల ఫీజు కట్టేయండి.

శనివారం పిల్లలు పడుకున్నాక ఆ మూడు నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఇద్దరూ కూర్చుని చదవండి, చెరో పెన్సిల్ పట్టుకుని గుర్తున్న ఖర్చుకల్లా టిక్ పెట్టండి, ఒకరిది ఒకరు చూడకుండా. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఉదయం 8 గంటలకు. వేసవి సెలవులకు మీరు బయల్దేరే తేదీ నుంచి వెనక్కి లెక్కబెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, గోదావరి జిల్లాల రైళ్లలో బెర్తులు అరగంట కూడా ఉండవు.