ఈఎస్ఎల్ వద్దని సంతకం పెట్టకండి

మీరు అడిగింది: అమెరికాలో నాలుగో తరగతిలో చేరిన పాపకు ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ ఇంటిభాష కాని పిల్లలకు ఇంగ్లిష్‌లో సాయం చేసే) క్లాసు అన్నారు, హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియమే కదా, వద్దని రాసివ్వొచ్చా? ఇంట్లో తెలుగు తగ్గించాలా?

రెండూ వద్దు. రాసిచ్చినా ఏటా పెట్టే ఇంగ్లిష్ పరీక్ష తప్పదు, పోయేది సాయమే. ఆ సాయం బడివాళ్ల దయ కూడా కాదు, పిల్ల హక్కు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఉన్నంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసులో 1974లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చేర్చేటప్పుడు ఇంటిభాష ఫారంలో "ఇంగ్లిష్" అని రాసేసే మనవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ ఒక్క మాటతో పిల్లకు సాయం కావాలో లేదో తేల్చే పరీక్షే పెట్టకపోవచ్చు.

మన ఇంగ్లిష్ మీడియం పిల్లలు గడగడా చదువుతారు. పుస్తకం మూసి "ఎందుకలా జరిగింది?" అంటే ఆగిపోతారు. చదవడం చూసి వచ్చేసిందనుకోవడం టీచర్లు కూడా చేసే పొరపాటే.

మీరు బడిలో అడగాల్సింది ఆ సాయం ఎలా చేస్తారని. సైన్సు గంటలో వేరే గదికి తీసుకెళ్లి పండ్ల పేర్లు నేర్పిస్తే సైన్సు పోతుంది. ఈఎస్ఎల్ టీచరే ఆ క్లాసుకు వచ్చి కూర్చోవడం మేలు. ఉదాహరణకు నీరు ఆవిరయ్యే పాఠం. ముందు మూడు నాలుగు కొత్త ఇంగ్లిష్ మాటలే నేర్పాలి, ఇరవై కాదు. రెండు పళ్లేల్లో రెండేసి చెంచాల నీళ్లు, ఒకటి ఎండలో, ఒకటి నీడలో. పిల్లలు జంటగా మాట్లాడుకోవాలి, పక్కన తెలుగు పిల్ల ఉంటే తెలుగులోనే. తర్వాత "ద వాటర్ ఇన్ ... డ్రైడ్ ఫాస్టర్ బికాజ్ ..." అన్న సగం వాక్యం ఇచ్చి నోటితో పూర్తి చేయించాలి. రాయించడం ఆఖర్న. ఇక్కడ చెడేది రెండు చోట్ల: "అర్థమైందా?" అని అడిగి తలూపగానే వదిలేయడం, ఆ సగం వాక్యాన్ని ఏడాదంతా తీయకపోవడం.

పాప ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు "ఎ", "ద" వదిలేస్తుంది, "షీ" బదులు "ఇట్" అంటుంది. తెలుగులో అమ్మాయైనా బస్సయినా "వచ్చింది" అనే కదా! అన్నీ ఒకేసారి దిద్దొద్దు, వారానికి ఒక తప్పు చాలు.

ఆటస్థలం ఇంగ్లిష్ ఒకటి రెండేళ్లలో వస్తుంది. పాఠం ఇంగ్లిష్‌కు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలోని భాషా విద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పాడు. అందుకే తెలుగు మానొద్దంటున్నా. రేపటి పాఠం ఈ రాత్రి పది నిమిషాలు తెలుగులో చెప్పండి. ఆవిరి అంటే తెలిసిన పిల్లకు క్లాసులో కొత్తగా నేర్వాల్సింది దాని ఇంగ్లిష్ పేరొక్కటే.