4294967297 ప్రధాన సంఖ్యేనా? కాగితం మీదే తేల్చొచ్చు

4294967297 ప్రధాన సంఖ్యా కాదా, కంప్యూటర్ లేకుండా తేల్చగలమా అని అడిగారు కదా. ప్రధాన సంఖ్య కాదండీ, 641 × 6700417కి సమానం. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, ప్రధాన సంఖ్యల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఈ సంఖ్యే రాస్తాను, ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇది 2³² + 1. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో 3, 5, 17, 257, 65537 (అంటే 2 ఘాతం 1, 2, 4, 8, 16కి ఒకటి కలిపినవి) అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఆ వరసలో ముందుకెళ్లినా అంతే అని నమ్మాడు. తర్వాతిది మన సంఖ్యే. 1732లో గణితజ్ఞుడు ఆయిలర్ దీనికి కారణాంకాలు చూపించాడు.

పిల్లలు 641తో భాగించి చూస్తారు, శేషం సున్నా వస్తుంది, అయినా నాకిష్టమైన పద్ధతి ఇంకొకటుంది. 641 అంటే 5×2⁷ + 1. కాబట్టి 5×2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు, నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴×2²⁸ శేషం 1. ఇంకోవైపు 641 అంటే 625 + 16, అంటే 5⁴ + 2⁴. అందుకని 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టేయండి: −2³² శేషం 1, అంటే 2³² + 1 శేషం సున్నా. అయిపోయింది, పెద్ద భాగహారమే లేదు! క్లాసులో ఇది రాసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉంటుంది.

కానీ అసలు 641 ఎలా తట్టింది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా, ఎందుకంటే పై నిరూపణ అది చెప్పదు. మన సంఖ్య వర్గమూలం దాదాపు 65536, కారణాంకాలుంటే ఒకటైనా ఆ లోపే ఉండాలి. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6542 ఉన్నాయి, అన్నిటితో చేత్తో భాగించడం ఎవరి వల్లా కాదు. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి, ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం (ప్రధాన సంఖ్య p, aని భాగించకపోతే a ఘాతం p−1ని pతో భాగిస్తే శేషం 1) నుంచే వస్తుంది. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. అంతే, ఐదోదే మనకు కావలసింది. ఈ ఐదింటితో మీరే ఒకసారి భాగించి చూడండి, ఈ వడపోత విలువ అప్పుడు తెలుస్తుంది.

ప్రోగ్రాం రాసి సరిచూసుకుంటే మాత్రం 64 బిట్లు వాడండి. గుర్తు లేని (రుణ సంఖ్యలకు చోటివ్వని) 32 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 4294967295, అది దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మన సంఖ్య అక్కడ 1 అయిపోతుంది. అన్నట్టు ఆ 4294967295 కూడా మామూలుది కాదు, పైన చెప్పిన ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం: 3×5×17×257×65537. సరిగ్గా 4294967295 భుజాలున్న క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయడం సిద్ధాంతపరంగా సాధ్యమని గణితజ్ఞుడు గౌస్ చేసిన పని నుంచి తేలుతుంది.