ఉపవాసం మాట తర్వాత, ముందు మీ భార్య సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 43 ఏళ్లు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకుని బైబిలు చదువుతాను. శుక్రవారం ఉపవాస కూటం మానను. అయినా ఏడాదిగా దేవుడు దూరమైనట్టే ఉంది. మోకరిస్తాను గానీ మనసు ఎండిపోయినట్టుంటుంది. నా భార్య నర్సు. ఆమెకు ఆత్మీయ విషయాల మీద ఆసక్తి తక్కువ. నేను ధ్యానంలో ఉంటే వంటింట్లో కుక్కర్ విజిల్, గిన్నెల చప్పుడు. రాత్రి కుటుంబ ప్రార్థనలో కునికిపాట్లు పడుతుంది. ఆమె పేరు చెప్పి అందరూ ప్రార్థించాలని మా చర్చి సంఘంలో ప్రార్థన మనవి కూడా పెట్టించాను. దేవునికి దగ్గర కావాలంటే 21 రోజులు ఉపవాసం ఉండాలా, 40 రోజులా?

జవాబు: తమ్ముడూ, రోజుల లెక్క పక్కన పెట్టండి. బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయంలో జనం కూడా మీలాగే అడిగారు, మేం ఉపవాసం ఉంటే నువ్వు చూడవేమని. మీరు ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్ల చేత చాకిరీ చేయిస్తున్నారన్నాడు దేవుడు.

నేను ఆ కుక్కర్ విజిల్ దగ్గరే ఆగిపోయాను. తెల్లారకముందే ఆ కుక్కర్ ఎవరి కోసం పెడుతోంది? మీ క్యారేజీకి, పిల్లల బాక్సులకే కదా. మీరు ఆ వేళకు లేస్తే భక్తి, ఆమె లేస్తే చప్పుడా? రోజంతా వార్డులో నిలబడి, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడిన మనిషి రాత్రి ఒకచోట కూర్చుంటే కళ్లు మూతలు పడవూ? ఏలీయా ప్రవక్త అలసిపోయి, ఇక చాలు ప్రభువా అని చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నా ఏమీ అనలేదు.

నాకు కోపం తెప్పించింది మాత్రం ఆ ప్రార్థన మనవి. కట్టుకున్న భార్యను భక్తి తక్కువదని పదిమందిలో నిలబెట్టారు. ఆ తర్వాతి ఆదివారం ఆమె ఆడవాళ్ల మధ్య ఎలా కూర్చుందో చూశారా? భార్య పరువు తీసి చేసే ప్రార్థనను నేను ప్రార్థన అనుకోను. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో మొదటి ఆరు వచనాలు భార్యలకు చెప్పినంత గట్టిగా ఏడోది భర్తలకు చెప్పేవాళ్లు తక్కువ. భార్యను సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకే అడ్డు వస్తుందని ఉంది అందులో. మనసు ఎండిపోవడానికి కారణం అక్కడ వెతకండి.

నాలుగింటికి లేవడం మానొద్దు. ప్రార్థన చేసుకున్నాక కుక్కర్ మీరే పెట్టండి. ఆమెను ఆరింటిదాకా పడుకోనివ్వండి. రాత్రంతా వలలు వేసి వచ్చిన శిష్యుల కోసం, మరణం నుంచి తిరిగి లేచిన యేసు ప్రభువే బొగ్గుల మీద చేపలు సిద్ధం చేశాడు. మనం బియ్యం కడిగితే తక్కువైపోతామా? కుటుంబ ప్రార్థన రాత్రి భోజనానికి ముందే పది నిమిషాల్లో ముగించండి. ఒక్క కీర్తన చాలు. ఏది చదవాలో ఆమెనే అడగండి.

పాస్టరుగారికి చెప్పి ఆ మనవి తీయించండి. ఆమెకు డ్యూటీ లేని రోజు చూసి ఎదురుగా కూర్చుని, 'నీ పేరు అక్కడ చెప్పడం నా తప్పు' అనండి. ఆమె వెంటనే మాట్లాడకపోవచ్చు. అప్పుడు వాక్యం ఎత్తకండి. ఆమె మాట్లాడేదాకా అక్కడే కూర్చోండి.