ఫిట్స్ ఉన్న పిల్లాడి గురించి స్కూల్లో ఎవరెవరికి చెప్పాలి?

బాబుకి ఫిట్స్ ఉన్నాయని చెబితే ఒడిశాలోని మన పర్లాకిమిడి స్కూల్లో సీటు ఇవ్వరేమో, దాచేద్దామా అని అడిగారు. దాచకండి. అలాగని హెడ్మాస్టరు ఒక్కరికే చెప్పి ఊరుకోకండి. మా అమ్మాయీ ఈ ఊళ్లోనే చదివింది. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కనున్నది వంటావిడ, లేదా ప్యూను, లేదా పక్క బెంచీ పిల్ల.

వాళ్లకే నేర్పాలి. మేం స్టాఫ్ రూములో చాప పరిచి, డ్రిల్లు మాస్టారినే పడుకోబెట్టి చూపించాం. అందరూ నవ్వారు గానీ చేతులకి అలవాటైంది. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తల కింద మడత పెట్టిన చున్నీ, మెడ దగ్గర టై వదులు చేయడం, గడియారం చూడటం. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు.

తాళాల గుత్తి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. "చేతిలో ఇనుము పెడితే తగ్గిపోద్ది కదమ్మా" అంది వంటావిడ. చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆ టైముకి చేతిలో ఏదుంటే దానికే పేరొస్తుంది అన్నాను. ఒడియా టీచరమ్మ పగలబడి నవ్వింది.

5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా, తలకి గట్టి దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయాలి. డాక్టరు మిడాజోలమ్ అనే, ఫిట్స్ ఆపే మందు ముక్కు స్ప్రేగా ఇస్తే ఎప్పుడు, ఎంత కొట్టాలో ఆయన చేతే రాయించండి. ఆ కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ గోడకి అంటించండి. స్ప్రే బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎందుకూ పనికిరాదు.

అన్ని ఫిట్సూ కింద పడేవి కావు. కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకపోవచ్చు. మా అమ్మాయిని ఒక సారు పరధ్యానమని నిలబెట్టేవారు. ఆయన చెబుతుంటే అమ్మాయి రాసుకున్న నోట్సులో మధ్యమధ్యలో మాటలు ఎగిరిపోవడం చూపించాక మానేశారు.

ఆటలు మాన్పించొద్దు. చెరువు దగ్గర, పొయ్యి దగ్గర మాత్రం పక్కన మనిషి ఉండాలి. పరీక్షలప్పుడు నిద్ర చెడినా, మాత్ర తప్పినా ఫిట్స్ రావచ్చని టీచర్లకి గుర్తు చేస్తూ ఉండండి.

ప్రభుత్వ బడైతే పిల్లల్ని చూడటానికి, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు వస్తారు. వాళ్లు పరీక్షించే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉంది. వాళ్లొచ్చే రోజు కనుక్కుని, స్టాఫుకి ఓ పది నిమిషాలు చెప్పమని అడగండి. మన మాటకన్నా వాళ్ల మాట బాగా వింటారు.