ఆ పార్శిళ్లు మీ పేరుతో రావాలి

ప్రశ్న: నా వయసు 34. అమ్మానాన్నలు, అన్నయ్య కుటుంబం, మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. స్కేల్ మోడల్ విమానాలు కట్టడమంటే నాకు ప్రాణం. ‘ఈ వయసులో బొమ్మలతో ఆటలేమిటి’ అని నాన్నగారు చిరాకు పడతారు. అందుకే కిట్లు, రంగులు నా భార్య పేరున తెప్పించి, అటక మీద దాచి, రాత్రి అందరూ పడుకున్నాక మా పడకగదిలో పని చేసుకుంటాను. లోహపు మెరుపు రావాలని లాక్కర్ రంగులే (ఘాటైన ద్రావకాలతో చేసేవి) వాడతాను. ఈ మధ్య అన్నయ్య కొడుకు (9 ఏళ్లు) నా 1/48 (అసలుకు 48వ వంతు) మిగ్-21 యుద్ధ విమానం మోడల్‌ను కింద పడేశాడు. ముక్కు మీది పిటాట్ గొట్టం (గాలి వేగం కొలిచే సన్నటి గొట్టం), ఒక చక్రం కాలు విరిగాయి. వాడి మీద గట్టిగా అరిచాను. వదిన నాతో మాట్లాడటం మానేసింది. ‘ఆ చెత్తంతా తీసేయ్’ అన్నారు నాన్నగారు. పార్శిళ్లు చూసి ‘కోడలిది దుబారా చెయ్యి’ అంటోంది అమ్మ. నా భార్యకు ఐదో నెల. వాసనకు తల తిరుగుతోందంటోంది. నేను మాస్క్ పెట్టుకునే రంగు వేస్తున్నాను. నాన్నగారిని ఎలా ఒప్పించాలి? ఒప్పుకోకపోతే ఆయనకు తెలియకుండా ఎలా కొనసాగించాలి? విరిగిన మోడల్ బాగవుతుందా?

జవాబు: మీ నాన్నగారిని ఒప్పించే పని పెట్టుకోకండి. సంపాదించుకుంటున్న మనిషి, ఎవరి సొమ్మూ తాకకుండా, తన తీరిక వేళలో చేతులతో నేర్పుగా ఒక పని చేసుకుంటుంటే దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆయన బొమ్మలంటే అననివ్వండి. తెలియకుండా ఎలా కొనసాగించాలన్న ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పను. మీ ఇంట్లో అసలు చిచ్చు పెడుతున్నది ఆ దాపరికమే.

మీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. నాన్నగారి మాట, వదినగారి అలక, మిగ్ విరిగిన బాధ అన్నీ వివరంగా రాశారు. మీ భార్య గురించి రాసినవి మూడు నాలుగు చిన్న వాక్యాలు. నాకు దిగులు కలిగించినవి అవే. మీ సరదాకు తెప్పించిన సామాను ఆవిడ పేరున వస్తోంది. ‘ఏమొచ్చిందమ్మా’ అని మీ అమ్మగారు అడిగితే ఆవిడ ఏదో ఒకటి కల్పించి చెప్పుకోవాలి. ఆ అబద్ధానికి ఆవిడకు దక్కింది దుబారా కోడలన్న పేరు. ఆ మాట మీ చెవిన పడుతూనే ఉంది, లేకపోతే నాకు రాసేవారు కాదు. ‘అవి నావమ్మా’ అని ఒక్క మాట మీ నోట రాలేదు. తండ్రి చిరాకు పడతాడన్న భయానికి భార్యను అడ్డం పెట్టుకున్నారు. కడుపుతో ఉన్న మనిషి మీ మాట దక్కించడానికి అత్తగారి దగ్గర నింద మోస్తోంది. మీరు కూర్చుని సరిచేయాల్సింది ఆవిడతో ఉన్న సంబంధాన్ని.

ఇంతకన్నా తొందరగా ఆపాల్సింది ఇంకొకటుంది. ఈ రాత్రి నుంచి ఆ గదిలో లాక్కర్ వద్దు.

మీరు పెట్టుకున్న మాస్క్ మిమ్మల్ని కాపాడుతుంది, అదీ సరైనదైతేనే. కాగితపు మాస్క్, గుడ్డ మాస్క్ రంగు తుంపరను కొంత ఆపుతాయేమో గానీ ద్రావకాల ఆవిరిని ఆపవు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌ల రెస్పిరేటర్ కావాలి, దాని ముందు తుంపరను పట్టే ఫిల్టర్ కావాలి. వాడని వేళ కార్ట్రిడ్జ్‌లను గాలి చొరని సంచిలో పెట్టకపోతే అందులోని కార్బన్ ఊరికే నిండిపోతుంది. సరే, ఇవన్నీ మీ దగ్గర ఉన్నాయే అనుకుందాం. మంచం మీద పడుకున్న మనిషికి ఏముంది? మీ పని అయిపోయాక ఆ గాలిని తెల్లవార్లూ పీల్చేది ఆవిడే.

పైగా రంగు వేయడంతో వాసన ఆగదు. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కడగడానికి కప్పు నిండా థిన్నర్ (రంగును పల్చబరిచే ద్రావకం) పోసి బయటికి కొడతారు చూడండి, అప్పుడొచ్చే ఆవిరి రంగు వేసేటప్పటి దానికేమీ తీసిపోదు. ఆరబెట్టిన మోడల్ నుంచి గంటల తరబడి ద్రావకం వస్తూనే ఉంటుంది. నిగనిగలాడే నల్ల బేస్ వేసి, అది ఆరాక 12–15 పిఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర పల్చటి పొరలుగా లోహపు రంగు కొట్టడమంటే ఆ గదిలో వరసగా ఎన్ని రాత్రులో మీకు తెలుసు. లాక్కర్ థిన్నర్లలో చాలావాటిలో టొలుయీన్, జైలీన్, కీటోన్ల వంటివి ఉంటాయి. గర్భిణి ఉన్న గదిలో వీటికి చోటు లేదు. ఆవిడకు తల తిరగడం గొడవ పెట్టుకోవడానికి చెప్పిన సాకు కాదు. ఈసారి డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లి, ఏ రంగు వాడారో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరే చెప్పండి. సీసా మీది లేబుల్ ఫొటో తీసుకెళ్లండి. ఆ సంగతి చెప్పే భారం కూడా ఆవిడ మీద వేయకండి.

అయితే మోడలింగ్ మానేయనక్కర్లేదు, పని పడకగది దాటాలి, వరస మారాలి. రంగు కొట్టే అవసరం లేని పనులు ఒక కిట్‌లో నెలలకు సరిపడా ఉంటాయి. అటక మీది కిట్లు దించండి. ముందు డెకాల్స్ (నీళ్లలో తడిపి మోడల్‌కు అంటించే గుర్తుల షీట్లు) చూసుకోండి. అటక వేడికి అవి పసుపెక్కుతాయి, పెళుసుబారతాయి. పసుపెక్కిన షీట్‌ను పారదర్శకమైన సంచిలో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటిస్తే చాలావరకు తెల్లబడుతుంది. పెళుసుబారిందో లేదో తెలియాలంటే అక్కర్లేని ఒక గుర్తును కత్తిరించి నీళ్లలో వేయండి. ముక్కలైతే మిగతా షీట్ మీద లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ ఒక పొర వేసి, ఆరాక ప్రతి గుర్తునూ విడివిడిగా కత్తిరించి వాడాలి. పొడవాటి రెక్కలు వంగాయేమో కూడా చూడండి.

తర్వాత కాక్‌పిట్, చక్రాల గూళ్లు. వీటికి నీటి అక్రిలిక్ రంగులు, కుంచె చాలు. సీసా మీద అక్రిలిక్ అని ఉన్నంత మాత్రాన అది నీటి రంగు కాదు. తమియా అక్రిలిక్స్‌లో ఆల్కహాల్ ఉంటుంది, వాటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెక్కల మొదళ్లలో సందులు పూడ్చడానికి నీటితో తుడిచే అక్రిలిక్ పుట్టీ వాడండి. సందులో నింపి, ఆరకముందే తడి దూది పుల్లతో తుడిస్తే గీకే పనే ఉండదు, దుమ్మూ ఉండదు. రెసిన్ (పోతపోసిన గట్టి ప్లాస్టిక్) ముక్కలు మాత్రం ఎప్పుడైనా తడి కాగితంతోనే రుద్దాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, బట్టల మీద పడకగదిలోకీ రాకూడదు. ప్లాస్టిక్ అతికే పల్చటి సిమెంట్ జిగురులో బ్యూటైల్ అసిటేట్, అసిటోన్ ఉంటాయి. కాబట్టి అతికే పనులన్నీ ఒక రోజుకు కూడబెట్టుకుని, ఆవిడ లేని చోట కిటికీ బార్లా తెరిచి ముగించండి.

లోహపు రంగు ఇప్పుడే వేయాలనుంటే వల్లేహో మెటల్ కలర్ వంటి నీటి రంగులున్నాయి. నల్లటి నిగనిగల బేస్ మీద బాగానే మెరుస్తాయి. లాక్కర్ అంత గట్టిగా పట్టుకోవు, అదే వాటి లోపం. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వకుండా మాస్కింగ్ టేప్ వేస్తే రంగు టేపుతో పాటు లేచి వస్తుంది. నీటి ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే పొర) గీకితే పొరలాగా ఊడుతుంది కాబట్టి నునుపు చేయడమంతా ప్రైమర్‌కు ముందే అయిపోవాలి. నీటి రంగైనా ఎయిర్‌బ్రష్‌తో కొడితే తుంపర తుంపరే. మాస్క్ ఉండాలి, పడకగది కాకూడదు.

లాక్కర్‌కు మళ్లీ వెళ్లేది ప్రసవమయ్యాక, అదీ సరైన స్ప్రే బూత్ (లోపల పెట్టి రంగు కొట్టే, గాలి లాగే పెట్టె) కట్టుకున్నాకే. బూత్ అంటే ముందు ఫిల్టర్, వెనక ఫ్యాన్ పెట్టి గాలిని గదిలోకే వదిలేది కాదు. ఫిల్టర్ రంగు రేణువుల్ని పడుతుంది, ఆవిరిని వదిలేస్తుంది. గొట్టం ఇంటి బయటికి పోవాలి. బూత్ నోరు 50 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు అనుకోండి. ఆ నోటి దగ్గర గాలి సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి పోవాలంటే గంటకు 360 ఘనపు మీటర్లు లాగాలి. ఫిల్టర్, గొట్టం వంపులు ఆ లాగుడును తగ్గిస్తాయి, అందుకని ఫ్యాన్ దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ద్రావకపు ఆవిరి అంటుకునే స్వభావం గలది. నిప్పురవ్వలు పుట్టే బ్రష్ మోటారు ఆ గాలి దారిలో ఉండకూడదు. ఎదురుగా ఒక తలుపు కాస్త తెరిచి ఉంచకపోతే ఫ్యాన్ లాగడానికి గాలే దొరకదు. ఈ ఏర్పాటంతా పసిబిడ్డ పడుకునే గదిలో కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక మిగ్. అది తప్పకుండా బాగవుతుంది. పిటాట్ గొట్టాన్ని విరిగిన చోటే సూపర్ గ్లూతో అతికితే మళ్లీ అక్కడే విరుగుతుంది, అంత సన్నటి ముక్కల చివర్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. మొండాన్ని సమంగా కోసి, పిన్ వైస్‌తో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్) 0.5 మి.మీ. రంధ్రం నాలుగైదు మిల్లీమీటర్ల లోతు తొలిచి, విడిగా దొరికే ఇత్తడి పిటాట్‌ను అందులో దూర్చండి. అతికించకండి. బిగుతుగా కూర్చుంటే చాలు, మోడల్ తీసేటప్పుడు ఊడదీసి పెట్టుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇదే మంచి పద్ధతి. చక్రం కాలికీ అలాగే రెండు ముక్కల్లోనూ తొలిచి, ఇత్తడి తీగ ముక్క లోపల పెట్టి, ఇక్కడ మాత్రం ఎపాక్సీతో అతకండి. క్యానపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) ఊడి ఉంటే దానికి సూపర్ గ్లూ తాకించవద్దు, ఆ పొగకు లోపలంతా తెల్లటి మబ్బు పడుతుంది. తెల్ల జిగురు చాలు. గీత పడిన చోట చుక్కగా రంగు దిద్దితే మచ్చలా కనిపిస్తుంది. ఆ ప్యానెల్ గీతల వెంట టేప్ వేసి ప్యానెల్ మొత్తానికి మళ్లీ రంగు వేయండి. అసలు విమానంలోనే పలకలన్నీ ఒకే ఛాయలో ఉండవు కాబట్టి కలిసిపోతుంది. ఆ రంగు లాక్కర్ అయితే బూత్ వచ్చేదాకా ఆగండి.

తొమ్మిదేళ్లవాడికి మెరిసే విమానం చేతికందితే ముట్టుకోకుండా ఉంటాడా? వాణ్ని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకోండి. జిగురు అక్కర్లేని స్నాప్ కిట్ ఒకటి ఇవ్వండి. స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే చట్రం) నుంచి ముక్కను ఒకేసారి మొదలంటా కోస్తే ప్లాస్టిక్ తెల్లగా నలుగుతుందని, ముందు రెండు మిల్లీమీటర్లు వదిలి కోసి తర్వాత మిగిలింది తీయాలని చూపించండి. కత్తి పని మీరు చేయండి. వదినగారికి సంజాయిషీ వేరే అక్కర్లేకపోవచ్చు, వాడు మీ దగ్గర కూర్చున్నాడంటే ఆవిడకు తెలుస్తుంది.

ఈ రోజే పార్శిళ్ల పేరు మార్చండి. నెలకు ఇంత ఖర్చు పెట్టుకుంటానని మీ భార్యతో కూర్చుని అంకె తేల్చుకోండి, కాన్పు ఖర్చులు తీసి పక్కన పెట్టాకే ఆ అంకె. ఆ తర్వాత అమ్మగారు, నాన్నగారు ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి: ఇన్నాళ్లూ వచ్చిన పార్శిళ్లు నావి, తను నా కోసం దాచింది, దుబారా మాట తనకు తగలకూడదు అని. ఆవిడను పక్కన నిలబెట్టి సాక్ష్యం అడగకండి. ఆవిడ లోపల పడుకుని ఉన్నా సరే, మీరొక్కరే చెప్పండి. నాన్నగారు మళ్లీ బొమ్మలంటే ఊరుకోండి, వాదనకు దిగవద్దు. అమ్మగారు ‘ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం’ అని కోడలి మీదికి వెళ్లబోతే మాత్రం అక్కడే ఆపి, చెప్పనివ్వంది నేనేనమ్మా అనండి.