ఒరిజినల్ కార్టూన్లు సేకరించాలనుకుంటే ముందు గీసినవాళ్ల ఇంటికి వెళ్లండి

మీరు అడిగినవి రెండు. తక్కువ డబ్బుతో ఒరిజినల్ కార్టూన్లు, కామిక్ పేజీలు సేకరించడం ఎలా మొదలుపెట్టాలి? ఆర్టిస్టు చేత మనకు కావలసిన బొమ్మ ఎలా గీయించుకోవాలి? పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి నాకు అనుభవమైనవి చెప్తాను.

నేను కొన్న మొదటి బొమ్మ ఒక వారపత్రికలో అచ్చయిన కార్టూన్. గీసిన పెద్దాయన మా ఊళ్లోనే ఉంటారని తెలిసి ఫోన్ చేసి వెళ్లాను. బీరువా మీది నుంచి ఒక అట్టపెట్టె దింపారు. పత్రికలో అరచేయంత ఉన్న బొమ్మ అసలు కాగితం మీద దానికి రెండింతలుంది. నల్ల ఇంకు పక్కన చెరిపినా పోని పెన్సిల్ గీతలు. ఒక పాత్ర చెయ్యి మొదట పైకెత్తినట్టు గీసి, తర్వాత తెల్లరంగు పూసి కిందికి దించారు. మార్జిన్‌లో ఎవరో నీలం పెన్సిల్‌తో ‘రెండు కాలాలు’ (పత్రిక పేజీలో రెండు కాలమ్‌ల వెడల్పు) అని రాశారు. అచ్చులో ఇవేవీ కనపడవు. ధర చెప్పమంటే ఆయన మొహమాటపడి, "ఇవి కొనేవాళ్లు కూడా ఉంటారా బాబూ?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. 2,000 రూపాయలు ఆయన చేతిలో పెట్టి తెచ్చుకున్నాను.

అందుకే మీ చిన్నప్పటి నుంచి మీకు ఇష్టమైన, ఇప్పుడూ మన మధ్య ఉన్న ఆర్టిస్టుతో మొదలుపెట్టమంటాను. చాలామంది నేరుగా బాపు గారి బొమ్మ, వపా (వడ్డాది పాపయ్య) గారి బొమ్మ కావాలంటారు. ఆశ నాకూ ఉంది. కానీ పాపయ్య గారు 1992లో, బాపు గారు 2014లో వెళ్లిపోయారు. ఆ పేర్లతో బయట కనిపించేవి ఎక్కువగా ప్రింట్లే. ప్రింటు కొనడం తప్పేం కాదు, ప్రింటు ధరకే కొనండి. భూతద్దం పెట్టి చూస్తే రంగుల అచ్చు బొమ్మలో సాధారణంగా సన్నని చుక్కలు కనిపిస్తాయి. చేత్తో గీసినదాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, నల్లగా నింపిన చోట కుంచె నడిచిన వాటం తెలుస్తుంది. వెనక్కి తిప్పి కూడా చూడండి.

ఇంకో సంగతి. ఇప్పుడు చాలామంది ట్యాబ్ మీదే గీస్తున్నారు, దానికి కాగితం ఒరిజినల్ అంటూ ఉండదు. అమెరికన్ కామిక్ పేజీల్లోనూ పెన్సిల్ ఒకరిది, ఇంకు ఇంకొకరిది కావచ్చు. ఒక్కోసారి పెన్సిల్ పేజీని స్కాన్ చేసి, వేరే కాగితం మీద లేత నీలంలో ప్రింట్ తీసి దానిపై ఇంకు వేస్తారు. అప్పుడు ఒకే పేజీకి రెండు ఒరిజినల్స్. మీరు కొంటున్నది ఏదో ముందే అడగండి.

ఇక గీయించుకోవడం. మొదటిసారి నేను ఒక ఆర్టిస్టుకి పద్నాలుగు సూచనలు పంపాను. తల కొంచెం ఇటు, చొక్కా ఆ రంగు, వెనకాల గుడి. అన్నీ అడిగినట్టే వచ్చాయి, బొమ్మలో మాత్రం ప్రాణం లేదు. తప్పు ఆయనది కాదు. రెండోసారి ఇంకొకరికి మా నాన్న ఫొటోలు రెండు ఇచ్చి, "సైకిల్ మీద ఉత్తరాలు పంచేవారు" అని మాత్రం చెప్పాను. ఆయన సైకిల్ వెనక ఒక కుక్కని పరిగెత్తించారు. నేను కుక్క మాటే ఎత్తలేదు. మా అమ్మ ఆ బొమ్మ చూసి, "కరణం గారి వీధి కుక్క ఇలాగే వెంటపడేదిరా" అని చాలాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సైజు, ఎంతమంది మనుషులు, నలుపు తెలుపా రంగులా, ఎప్పటికి కావాలి: ఇవి ముందే తేల్చుకోండి. సగం అడ్వాన్సుగా ఇవ్వండి. మార్పులేమైనా ఉంటే పెన్సిల్ స్కెచ్ దగ్గరే చెప్పేయాలి. ‘చిన్న బొమ్మే కదా’ అని మాత్రం బేరమాడొద్దు. ముందే గీసి ఉన్న ఒరిజినల్ కొన్నప్పుడు బొమ్మ మీ చేతికొచ్చినా, రాతపూర్వకంగా రాయించుకోకపోతే కాపీరైట్ మీకు రాదు. టీషర్టుల మీద అచ్చేసి అమ్మడం కుదరదు. మన 1957 కాపీరైట్ చట్టంలో ఇంకో మంచి మాట కూడా ఉంది. ఒరిజినల్‌ని తిరిగి అమ్మినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే, కాపీరైట్‌కి మొదటి యజమాని అయిన ఆర్టిస్టుకి అందులో 10 శాతానికి మించకుండా వాటా అడిగే హక్కుంది.

దాచుకోవడంలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఫ్రేమ్ కట్టే షాపులో ఒక బొమ్మని అట్టకి జిగురుతో అంటించేశారు. రెండు వర్షాకాలాలకి కాగితమంతా గోధుమరంగు మరకలు. ఇక అది ఊడి రాదు. అందుకని జిగురు, సెల్లో టేపు, లామినేషన్ వద్దే వద్దని దగ్గరుండి చెప్పండి. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంటు (బొమ్మ చుట్టూ అట్ట చట్రం) పెట్టించండి. ఎండపడే గోడకి తగిలించొద్దు. ఇండియన్ ఇంకు (బొమ్మలు గీసే చిక్కని నల్ల ఇంకు) తట్టుకుంటుంది గానీ స్కెచ్ పెన్ రంగులు తొందరగా వెలిసిపోతాయి. ఫైల్లో పెట్టినవి నెలకోసారి తీసి చూడండి, కాగితాలు తినే రామబాణం పురుగు చెప్పి రాదు.

తొలి తెలుగు కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటారు. ఆ సమయంలో మీకు దగ్గర్లో ప్రదర్శన ఉంటే వెళ్లండి. నచ్చిన కార్టూన్ దగ్గర ఆగి, గీసినవారు అక్కడే ఉంటే "దీని ఒరిజినల్ మీ దగ్గర ఉందా సార్, ఇస్తారా?" అని అడగండి.